స్వచ్ఛంద అంబులెన్స్: బండి కొనకముందు వేసుకోవాల్సిన లెక్క

మీ పట్టణం చిన్నది. ప్రభుత్వ అంబులెన్స్ దూరం నుంచి రావాలి, చాలాసేపు పడుతోంది. ఒక దాత బండి కొనిస్తానన్నారు, ఇరవై మంది దాకా ఉచితంగా పనిచేస్తామని ముందుకొచ్చారు. ఏ బండి కొనాలి, లోపల ఏమేం పెట్టాలి అన్నది మీ ప్రశ్న. నేను ఇలాంటి సేవలో డ్యూటీలు చేసి, తర్వాత చాలాకాలం రోస్టర్, అంటే ఎవరు ఏ వేళ డ్యూటీలో ఉండాలో చూపే గళ్ల పట్టిక, వేసే పని మోసినవాణ్ణి. అందుకే బండి సంగతి చివర్లో చెబుతాను. ఈ పనిలో అన్నిటికన్నా సులువుగా దొరికేది బండే.

ముందు ఒక కాగితం తీసుకోండి. వారానికి 168 గంటలు. అంబులెన్స్ కదలాలంటే కనీసం ఇద్దరుండాలి, ఒకరు నడపడానికి, ఒకరు రోగి పక్కన కూర్చోవడానికి. అంటే ఇరవై నాలుగు గంటలూ సేవ నడవాలంటే వారానికి 336 గంటల మనిషి సమయం కావాలి. ఒక్కొక్కరు వారానికి 8 గంటలు ఇచ్చినా 42 మంది కావాలి. మీకున్నది ఇరవై మంది. వాళ్లంతా మాట తప్పకుండా ఎనిమిదేసి గంటలు ఇస్తే 160 గంటలు, జతలుగా చూస్తే 80 గంటల సేవ. వారంలో సగం కూడా కాదు.

పోనీ ఆ సగమైనా సమానంగా పరుచుకుంటుందా అంటే అదీ లేదు. అందరికీ ఖాళీ ఒకే వేళలో ఉంటుంది. సాయంత్రాలకీ సెలవు రోజులకీ పేర్లు నేనంటే నేనని వస్తాయి. పనిదినాల్లో ఉదయం 8 నుంచి సాయంత్రం 6 దాకా చూడండి. వారానికి 50 గంటలు, ఇద్దరు చొప్పున 100 గంటలు. రోస్టర్‌లో ఆ గళ్లలో పేర్లు రాయడానికి ప్రయత్నించండి. నాకు తెలిసిన స్వచ్ఛంద సేవలన్నిటికీ కష్టం వచ్చింది ఆ గళ్ల దగ్గరే. రోగులు మాత్రం పగలు తగ్గరు. ముసలివాళ్లు ఇంట్లో ఒంటరిగా ఉండేది, పనిచోట దెబ్బలు తగిలేది, బడిలో పిల్లలు పడేది అప్పుడే.

పగటి గళ్లు నింపేవాళ్లు సాధారణంగా మీరు మొదట ఊహించుకున్న యువకులు కారు. పదవీ విరమణ చేసి ఇంకా ఒంట్లో సత్తువ ఉన్నవాళ్లు, సొంత దుకాణం నడుపుకుంటూ మరొకరికి అప్పజెప్పి రాగలిగినవాళ్లు, పిల్లలు బడికెళ్లాక కొన్ని గంటలు వెసులుబాటు ఉండే గృహిణులు, షిఫ్టుల్లో పనిచేసేవాళ్లు. వీళ్లను అడగడానికి మనమే వెళ్లాలి, వాళ్లంతట వాళ్లు రారు. ముఖ్యంగా ఆడవాళ్లను "బరువులెత్తే పని కదా" అని ముందే పక్కన పెట్టేస్తారు. ప్రసవం నొప్పుల కేసుకు వెళ్లినప్పుడు తెలుస్తుంది ఆ నిర్ణయం ఎంత తెలివితక్కువదో. మరో దారి యజమానులతో మాట్లాడటం. కాల్ వస్తే ఈ ఉద్యోగిని పంపిస్తాం, జీతం కోయం అని నాలుగైదు చోట్ల రాతపూర్వకంగా ఒప్పుకుంటే రోస్టర్ సగం తేలికవుతుంది. నోటిమాట ఒప్పందాలు మేనేజర్ మారగానే పోతాయి.

ఇంతా చేశాక కూడా గళ్లు మిగిలితే, మిగిలాయని బయటికి చెప్పండి. "రాత్రి 7 నుంచి ఉదయం 6 దాకా మేముంటాం, మిగతా వేళ ప్రభుత్వ సేవకే ఫోన్ చేయండి" అనడంలో నామోషీ లేదు. లెక్క చూస్తే వారానికి ఏడు రాత్రులకు ఇద్దరు చొప్పున 154 గంటలు పడుతుంది, మీ 160లో ఇముడుతుంది. కానీ అలా ఇమిడితే ఎవరికీ జ్వరం రాకూడదు, ఎవరూ ఊరెళ్లకూడదు. వారానికి నాలుగు రాత్రులతో మొదలుపెడితే 88 గంటలు చాలు, ఊపిరాడుతుంది. ఇరవై నాలుగు గంటల సేవ అని బోర్డు పెట్టేసి, పగలు మూడింటికి ఫోన్ ఎత్తేవాళ్లు లేకపోతే, ఆ ఇంటివాళ్లు మీ కోసం ఎదురుచూసిన ఆ కాసేపట్లో వేరే అంబులెన్స్ బయల్దేరి ఉండేది. సేవ లేకపోవడం కంటే అది ప్రమాదం.

అసలు మీ చోట నేనుంటే మొదటి ఏడాది బండి జోలికే వెళ్లను. కారణం చెబుతాను. గుండె ఆగినప్పుడు నాలుగు నుంచి ఆరు నిమిషాల్లో మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. సీపీఆర్ (ఛాతీని పదేపదే నొక్కి రక్తం ఆడేలా చేయడం) గానీ గుండెకు కరెంటు షాక్ గానీ అందకుండా గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం పడిపోతుంది. ఎంత మంచి బండి ఉన్నా, డ్రైవర్ ఇంటి నుంచి షెడ్డుకు, షెడ్డు నుంచి రోగి ఇంటికి వచ్చేసరికి ఆ నిమిషాలు అయిపోతాయి. అదే వీధిలో సీపీఆర్ వచ్చిన మనిషి, అందుబాటులో ఒక ఏఈడీ ఉంటే సమయానికి అందుతారు. ఏఈడీ అంటే గుండె లయను తానే చదివి, అవసరమైతేనే షాక్ ఇవ్వమని చెప్పే యంత్రం, మాటలతో దారి చూపిస్తుంది. బ్రిటన్, ఐర్లండ్, న్యూజిలాండ్‌లలో చిన్న ఊళ్లు ఈ పద్ధతిని బాగా వాడుకుంటున్నాయి. వాళ్లను కమ్యూనిటీ ఫస్ట్ రెస్పాండర్లు అంటారు. అధికారిక అంబులెన్స్ బయల్దేరినప్పుడే దగ్గర్లో ఉన్న శిక్షితుడికి కబురు వెళ్తుంది, అతను నడిచో సైకిల్ మీదో ముందు చేరుకుని, బండి వచ్చేదాకా రోగి ప్రాణం నిలబెడతాడు. మీ ఇరవై మంది పట్టణమంతా చెదిరి ఉంటారు కదా, షెడ్డు దగ్గర కాపలా కాసే ఇద్దరికంటే ఆ ఇరవై ఇళ్లే మీకు పెద్ద ఆస్తి. పైగా ఈ పద్ధతిలో ఒక్కరు వెళ్లినా పని జరుగుతుంది, జత దొరక్కపోతే ఆగిపోదు.

మనుషులు ముందు, బండి తర్వాత అన్నది కొత్త మాటేం కాదు. అమెరికాలోని వర్జీనియా రాష్ట్రం రోనోక్ పట్టణంలో జూలియన్ స్టాన్లీ వైజ్ 1928లో స్వచ్ఛంద రక్షణ దళాన్ని మొదలుపెట్టాడు. చిన్నప్పుడు 1909లో అక్కడి నదిలో ఇద్దరు మునిగిపోతుంటే ఒడ్డున అంతమంది ఉన్నా ఏం చేయాలో తెలియక చూస్తూ ఉండిపోవడం అతని మనసులో నాటుకుపోయింది. అక్కడ లోటు వాహనం కాదు, తెలిసిన మనిషి. 1960ల దాకా ఆ దేశంలో సుమారు సగం అంబులెన్సులు అంత్యక్రియల సంస్థలవే. పడుకోబెట్టి తీసుకెళ్లడానికి వీలైన పొడుగాటి బండ్లు వాళ్ల దగ్గరే ఉండేవి మరి. బండ్లకు కొదవ లేదు, లోపల కూర్చున్నవాడికి ఏమీ రాదు. 1967లో పిట్స్‌బర్గ్‌లో ఫ్రీడమ్ హౌస్ అంబులెన్స్ సేవ ఆ తేడా చూపించింది. పేటలో సరైన పని దొరకని నల్లజాతి యువకులకు డాక్టర్ పీటర్ సఫార్ గట్టి శిక్షణ రూపొందించాడు. అప్పటిదాకా ఆ నగరంలో పోలీసు వ్యాన్లే రోగుల్ని చేరవేసేవి. ఈ యువకులు రోడ్డు మీదే చికిత్స మొదలుపెట్టారు, వాళ్ల పద్ధతులు తర్వాత చాలాచోట్ల పారామెడిక్ శిక్షణకు దారి వేశాయి. 1975లో నగరం సొంత సేవ పెట్టుకుని వీళ్ల సేవను మూసేసింది, ఆ అన్యాయం వేరే కథ.

శిక్షణలో ఏముండాలో శిక్షణ ఇచ్చే సంస్థ చెబుతుంది. సీపీఆర్‌లో నిమిషానికి 100 నుంచి 120 నొక్కులు, పెద్దవాళ్లకు 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు అని పుస్తకంలో ఉంటుంది. పుస్తకంలో ఉండనిది ఏమిటంటే, నేర్చుకున్నది కొన్ని నెలల్లోనే చేతుల్లోంచి జారిపోతుంది. ఏడాదికోసారి పెద్ద సర్టిఫికెట్ తరగతి కంటే నెలకోసారి గంటసేపు బొమ్మ మీద సాధన మేలు. ఆ సాధన కూడా విశాలమైన హాల్లో కాదు. బాత్రూంలో తలుపుకు అడ్డంగా పడినవాణ్ణి ఎలా బయటికి తేవాలి, ఇరుకు మెట్ల మీద స్ట్రెచర్ ఎలా తిప్పాలి, మంచం పక్కన మోకాళ్లకే చోటు లేనప్పుడు ఏం చేయాలి, ఇవి చేసి చూడండి. ఇంకోటి, ఈ పనిలో స్వచ్ఛంద సేవకులు పోగొట్టుకునేది ఎక్కువగా నడుమునే. ఎత్తడం, దించడం విడిగా నేర్పించాలి. "నేను ఒక్కణ్ణే ఎత్తగలను" అనేవాడే మొదట పక్కెక్కుతాడు.

సినిమాల్లో చూసినట్టు వచ్చే ప్రతి ఫోన్ కాల్ రోడ్డు ప్రమాదమే అనుకుని వచ్చినవాళ్లు త్వరగా నిరాశపడతారు, ఆ సంగతి చేర్చుకునేటప్పుడే చెప్పేయండి. ఎక్కువ భాగం పడిపోయిన పెద్దవాళ్లు, ఆయాసం, ఛాతీలో నొప్పి, షుగర్ పడిపోవడం, ఫిట్స్. వీటిలో సగానికి మీరు చేసేది శాంతంగా కూర్చోబెట్టి, సరైన ప్రశ్నలు అడిగి, జాగ్రత్తగా చేర్చడమే. సరైన ప్రశ్న విలువ తక్కువేం కాదు. పక్షవాతం కేసులో గడ్డను కరిగించే మందు సాధారణంగా నాలుగున్నర గంటల లోపే ఇస్తారు. అందుకే "ఎప్పుడు మొదలైంది" అని కాకుండా "చివరిసారి మామూలుగా ఉండగా ఎవరు, ఎన్నింటికి చూశారు" అని అడిగి, ఆ టైం రాసుకుని ఆసుపత్రిలో చెప్పాలి. నిద్రలేచేసరికి చెయ్యి పడిపోయి ఉంటే లెక్క రాత్రి పడుకున్నప్పటి నుంచి. ఆ ఒక్క టైం తెలియక వైద్యం చేజారిన వాళ్లున్నారు.

ఫోన్ సంగతి. మీ సొంత నంబర్ ఒకటి కరపత్రాల మీద వేయాలని అందరికీ ఉబలాటం ఉంటుంది. వద్దు. అధికారిక కంట్రోల్ రూమ్‌తో కూర్చుని, కాల్స్ వాళ్ల ద్వారానే మీకు వచ్చే ఏర్పాటు చేసుకోండి. దానికి నెలలు పట్టినా సరే. రెండు నంబర్లుంటే కంగారులో జనం రెండిటికీ చేస్తారు, ఒక ఇంటికి రెండు బండ్లు వెళ్తాయి, అదే సమయంలో ఇంకో ఇంటికి ఏదీ ఉండదు. అదీగాక కంట్రోల్ రూమ్‌లో కూర్చున్నవాళ్లకు ఫోన్‌లోనే సీపీఆర్ చెప్పించే శిక్షణ ఉంటుంది, మీ కార్యదర్శిగారి జేబులోని మొబైల్‌కు ఉండదు. ఎప్పుడైనా నేరుగా మీకే ఫోన్ వస్తే మాత్రం మొదట అడగాల్సింది చోటు, రెండోది రోగి మాట్లాడుతున్నాడా, ఊపిరి మామూలుగా ఉందా అన్నది. పేరూ ఊరూ తర్వాత.

అలాగే ఒక డాక్టరు బాధ్యత తీసుకోవాలి. మీ సేవకులు ఏం చేయవచ్చు, ఏ మందు ముట్టకూడదు అన్నది ఆయన సంతకంతో రాసి ఉండాలి. లైసెన్సు, బండి రిజిస్ట్రేషన్, సేవకులకు ప్రమాద బీమా, ఇవన్నీ మీ దగ్గరి చట్టం ఎలా చెబితే అలా. ఇందులో నా సలహా కంటే ఒక లాయరు గంట సమయం ఎక్కువ పనికొస్తుంది.

డ్రైవింగ్ గురించి కాస్త గట్టిగానే చెబుతాను. కొత్తవాళ్లకు సైరన్ అంటే మోజు. లైట్లు, సైరన్‌తో వెళ్తే ఆదా అయ్యేది సాధారణంగా కొన్ని నిమిషాలేనని, ప్రమాదం అవకాశం మాత్రం పెరుగుతుందని చాలా అధ్యయనాలు చూపించాయి. ఆ కొన్ని నిమిషాలు నిజంగా అక్కరకొచ్చే కేసులు తక్కువ. కూడళ్లే అసలు గండం, ఎదుటివాడు విన్నాడనుకుని దూసుకుపోయినచోటే గుద్దుకుంటాయి. వెనక కూర్చున్నవాడు బెల్టు పెట్టుకోడు, ఎందుకంటే రోగి వైపు వంగాలి. బ్రేకు పడితే మొదట ఎగిరిపడేది అతనే. కదిలే బండిలో సీపీఆర్ కూడా సరిగ్గా సాగదు. గుండె ఆగిన రోగికి ఉన్నచోటే నాణ్యంగా చేయడం, హడావుడిగా ఎక్కించుకుని పరుగెత్తడం కంటే ఎక్కువసార్లు మంచిది. ఎవరు నడపాలో వయసును బట్టి కాదు, ఎవరు నెమ్మదస్తులో చూసి తేల్చండి. పగలంతా పనిచేసి, రాత్రి రెండింటి కాల్‌కు లేచి, మళ్లీ పొద్దున్నే పనికి వెళ్లాల్సినవాడు స్టీరింగ్ పట్టుకోకూడదని రోస్టర్‌లోనే నియమం పెట్టండి, అతని మొహమాటానికి వదిలేయకండి.

ఇప్పుడు, చిన్న ఊళ్లో ఈ పనికి ఉండే ప్రత్యేకమైన బరువు గురించి. పెద్ద నగరంలో అంబులెన్స్‌వాడికి రోగి ఎవరో తెలియదు. మీకు తెలుస్తుంది. తలుపు తీసేది మీ చిన్ననాటి టీచరు కావచ్చు, కింద పడి ఉన్నది నిన్న మీతో మాట్లాడిన మనిషి కావచ్చు. దాని వల్ల మేలూ ఉంది. భయపడినవాళ్లు తెలిసిన ముఖం చూసి కుదుటపడతారు, ఇంటి దారి వెతుక్కోనక్కర్లేదు, ఆయన ఏ మందులు వాడతాడో మీకు ముందే తెలిసి ఉండవచ్చు. కానీ మీరు ఆ ఇంట్లోకి వెళ్లి చూసినవి, అంటే తాగుడు, కొట్లాటలు, ఆత్మహత్యాయత్నం, ఎవరికీ తెలియని జబ్బు, మీ నోటి నుంచి బయటికి రాకూడదు. మీ ఇంట్లోవాళ్లకు కూడా. "ఎవరికి బాలేదట?" అని వీధిలో పదిమంది అడుగుతారు. ఒక్కసారి మాట బయటికి వెళ్లిందా, తర్వాత నిజంగా అవసరమున్న ఇల్లు పరువుకు భయపడి మిమ్మల్ని పిలవదు. అందుకే గోప్యత విషయంలో రెండో అవకాశం ఇవ్వొద్దంటాను. ప్రమాద స్థలంలో ఫోటో తీసి గ్రూపులో పెట్టినవాడు ఎంత మంచి సేవకుడైనా ఆ రోజుతో ఆఖరు. మొదటిసారి ఎవరో పెద్ద మనిషి కొడుకే ఇలా దొరుకుతాడు, కమిటీ ఏపాటిదో అప్పుడే తేలిపోతుంది.

తెలిసినవాళ్లు చనిపోయిన కేసు తర్వాత ఏం చేయాలన్నది కూడా ముందే అనుకోండి. అందరినీ ఆ రాత్రే కూర్చోబెట్టి బలవంతంగా మనసులోది చెప్పించే పద్ధతి ఒకటుండేది, దాని వల్ల తర్వాతి మానసిక గాయం తగ్గదని పరిశోధనల్లో తేలింది. దానికి బదులు మర్నాడు ఒకరు ఫోన్ చేసి "నిద్ర పట్టిందా, ఏమైనా తిన్నావా" అని అడగాలి, వారం తర్వాత మళ్లీ అడగాలి. మనిషి మునుపటిలా లేడనిపిస్తే నిపుణుడి దగ్గరికి పంపాలి. వచ్చే కాల్ సొంత ఇంటివాళ్లదైతే నేను వెళ్లను, ఇంకొకరిని పంపండి అనే హక్కు ప్రతి ఒక్కరికీ ఉండాలి. ఇద్దరే ఉన్న రాత్రి ఆ హక్కు ఎలా అమలవుతుందో కూడా ఆలోచించుకోండి, మూడో మనిషి స్టాండ్‌బైలో ఉండాల్సింది ఇందుకే.

వద్దనడం నేర్చుకోవాల్సినవి కొన్నున్నాయి. డయాలసిస్‌కు తీసుకెళ్లి తేవడం, డిశ్చార్జి అయినవాళ్లను ఇంటికి దింపడం, మృతదేహాల తరలింపు. అన్నీ మంచి పనులే, జనానికి నిజంగా కావాల్సినవే. కానీ బండి ఒక్కటే. అది ఆసుపత్రి గేటు దగ్గర కాచుకుని ఉన్న ఆ మూడు గంటలూ మీ పట్టణానికి అంబులెన్స్ లేదు. వీటికి వేరే వాహనం దొరికేదాకా ఒప్పుకోకండి, ఒప్పుకుంటే ఏ వేళల్లో ఒప్పుకుంటారో రాసి గోడకు పెట్టండి. నాయకుల సభలకు "అక్కడ నిలబెట్టండి చాలు" అనే పిలుపులూ వస్తాయి. వాటికీ అదే గోడ చూపించండి.

ఇక బండి. లోపల నిలబడితే నడుము వంగిపోకుండా ఉండేంత ఎత్తు, రోగి తల వైపు మనిషి కూర్చోగల చోటు, కుదుపుకు జారని స్ట్రెచర్ లాకు, మీ దగ్గరి మెకానిక్ బాగుచేయగల ఇంజను. ఈ నాలుగూ ఉంటే చాలు, మిగతావన్నీ తర్వాత. ఖరీదైన యంత్రాలు నింపిన బండిలో వాటిని వాడటం వచ్చినవాడు లేకపోతే అవి బరువే. ఉండాల్సినవి నోట్లో, గొంతులో అడ్డుపడినవి లాగేసే సక్షన్ (బాగా పనిచేసేది), ఊపిరి అందించే బ్యాగ్-మాస్క్, ఏఈడీ, రక్తం ఆపే సామాను, విరిగిన ఎముక కదలకుండా కట్టే స్ప్లింట్లు, పల్స్ ఆక్సిమీటర్, షుగర్ చూసే మీటరు, దుప్పట్లు, ఆక్సిజన్. ఆక్సిజన్‌కు లెక్క ముందే వేసి సిలిండర్ పక్కన అతికించండి. 1500 లీటర్ల సిలిండర్ నిండుగా ఉంటే నిమిషానికి 10 లీటర్ల చొప్పున 150 నిమిషాలు, 15 చొప్పున 100 నిమిషాలు. గేజు సగం చూపిస్తే అందులో సగమే, అంటే 75 లేదా 50 నిమిషాలు. ఆసుపత్రి గంట దూరంలో ఉండి, దారిలో రైల్వే గేటు పడితే ఆ 50 నిమిషాలు చాలవు. డ్యూటీ ఎక్కే జత ప్రతిసారీ గేజు, సక్షన్, ఏఈడీ బ్యాటరీ, ఛాతీకి అతికించే ప్యాడ్ల గడువు చూసి సంతకం పెట్టాలి. ఇది పుస్తకం నింపడానికి కాదు, నిన్నటి జత వాడేసి చెప్పకుండా వెళ్లిపోతుంది గనుక.

దాతగారితో ఎలా మాట్లాడాలన్నది మిగిలింది. బండికి డబ్బివ్వడానికి చాలామంది ముందుకొస్తారు, దాని మీద పేరు కనిపిస్తుంది. టైర్లకు, సర్వీసింగ్‌కు, బీమాకు, ఆక్సిజన్ నింపడానికి, ప్యాడ్లు మార్చడానికి ఇచ్చేవాళ్లు దొరకరు, సేవలు ఆగిపోయేదేమో వీటి దగ్గరే. కాబట్టి ఆయన దగ్గరికి వెళ్లేటప్పుడు రెండు కాగితాలు తీసుకెళ్లండి, ఒకటి బండి ధర, రెండోది మూడేళ్లు దాన్ని నడిపే ఖర్చు. రెండూ కలిపి ఇవ్వగలరా అని అడగండి. అంత వీలుకాదంటే బండి వచ్చే ఏడాదికి వాయిదా వేసి, ఇప్పుడు ఏఈడీలకూ ఇరవై మంది శిక్షణకూ ఇమ్మనండి. పేరు కావాలంటే ఏఈడీ పెట్టె మీద రాయించవచ్చు, బండి పక్కన రాసినదానికంటే రోజూ ఎక్కువమంది కంట పడేది అదే.